ముప్పై ఆరు నిమిషాల తలుపు

పరీక్షకు 30 రోజులు. దొరువులో ఉప్పు 4.

ఇది గువ్వలదిబ్బ తూము తలుపు దినచర్య పుస్తకం. రాసేవాడు పెంచలయ్య. తలుపు కాపరినీ నేనే, బడిలో పలకల అయ్యవారినీ నేనే. రెండు ఉద్యోగాలకు ఇద్దరు కావాలని నీటి మండలికి రాస్తూనే ఉన్నాం గానీ, పులికాట్ మడుగు మధ్యన ఉన్న ఈ దీవికి రావడానికి ఆ రెండోవాడెవడో ఇంకా పుట్టినట్టు లేడు.

రూలు ప్రకారం ఇందులో మూడే రాయాలి. పోటు ఎప్పుడు తగిలింది, తలుపు ఎప్పుడు దిగింది, ఊరు తాగే మంచినీళ్ల గుంట, అదే దొరువులో, ఉప్పెంత. ఈరోజు నాలుగోది రాయాల్సి వచ్చింది. పొద్దున పడవలో మండలి ఉత్తరం అందింది. ఖాళీ కార్డు పరీక్షకు ఈసారి చీటీలో తగిలిన పేరు చెంగమ్మ.

ఊళ్లో ఇంకో చెంగమ్మ ఎవరైనా ఉందేమోనని జాబితా రెండుసార్లు చూశాను. లేదు. ఎండ్రకాయల చెంగమ్మే. అరవై మూడేళ్లు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. పలకను ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

పలక అంటే అరచేతిలో ఇమిడే పచ్చటి అట్ట. తెర లేదు, మూత లేదు, అంచున నలభై పిన్నులు, పక్కన గోరంత కార్డు పట్టే చీలిక. రాసేటప్పుడు దానికి మీటలూ తెరా విడిగా తగిలించుకుంటాం. రెండు కిలోల రొయ్యలిస్తే ఒకటి వస్తుంది. బడిలో పిల్లల ముందున్న ముప్పై రెండూ అవే, తలుపు గదిలో గోడకు కొట్టి ఉన్నదీ అదే. ఒడ్డు మీదివాళ్లు యంత్రాలకు నోటితో చెప్పి పనులు చేయించుకుంటారు. నా కుర్రతనంలో ఆ యంత్రాలు పదకొండు రోజులపాటు నోరు మూసుకున్నాయి. తలుపు తెరవడం ఎవరికీ చేతకాక రెండు ఊళ్లు మునిగాయి. అప్పుడొచ్చాయి ఈ పలకలూ, ఈ పరీక్షా.

మూడేళ్లకోసారి ఊళ్లో పెద్దవాళ్ల పేర్లలోంచి ఒకటి తీస్తారు. ఆ మనిషి ఒక పలకా, ఒక ఖాళీ కార్డూ ముందు పెట్టుకుని తలుపు చేసే పని మొత్తం తన చేత్తో రాయాలి. నెగ్గితే తలుపు తాళం మరో మూడేళ్లు ఊరిదే. తప్పితే మండలిది. తూర్పున చింతలదిబ్బ వాళ్ల తాళం పోయి ఆరేళ్లయింది. అక్కడ తలుపును మండలి యంత్రం క్యాలెండరు చూసి వేస్తుంది, తీస్తుంది. రొయ్య పిల్ల క్యాలెండరు చూసి రాదు. నలభై ఇళ్ల ఊరు, ఇప్పుడు పదకొండు ఇళ్లలోనే పొయ్యి వెలుగుతోంది.

పరీక్షకు 28 రోజులు. ఉప్పు 4.

చెంగమ్మ ఇల్లు కట్ట చివర ఉంటుంది. మధ్యాహ్నం ఎండకు పనులాపే విరామం కూత పడకముందే వెళ్లాను. వాకిట్లో కూర్చుని ఎండ్రకాయల కాళ్లను తుంగపోచతో కడుతోంది.

"చెంగమ్మక్కా, చీటీలో నీ పేరొచ్చింది."

"ఏం చీటీ అయ్యోరా?"

"తలుపు పరీక్ష."

కట్టడం ఆపలేదు. "నా పేరు కొట్టేసి నీ పేరు రాసుకో."

"అట్టా కుదరదు."

"అయితే నాకు జరమని చెప్పు."

"జరమైతే నెల ఆగి మళ్లా వస్తారు. మనిషి పోతే తప్ప పేరు మారదు."

"అదొక్కటే మిగిలుండాది," అంది, ఇంకో ఎండ్రకాయను అందుకుంటూ. కాసేపటికి తనే అడిగింది. "నేను తప్పితే ఏమవుద్ది?"

తాళం పోతుందన్నాను. ఆమె తూర్పు వైపు చూసింది. వాళ్ల చెల్లెల్ని చింతలదిబ్బకే ఇచ్చారు. ఇప్పుడా చెల్లెలు ఒడ్డున ఒక గోడౌనులో మూటలు ఎత్తుతోంది. చెంగమ్మ చేతులు తుడుచుకుంది.

"ఎప్పుడు రావాల బడికి?"

పరీక్షకు 25 రోజులు. ఉప్పు 5.

దొరువులో అంకె పెరిగింది. ఎనిమిది దాటితే తాగకూడదు. కొలిచే పుల్ల తుప్పు పట్టిందేమోనని కొత్తది మార్చాను. అది కూడా అయిదే చెప్పింది.

పిల్లలు వెళ్లిపోయాక చెంగమ్మ మొదటి పాఠం. ఎవరికైనా మొదటి పాఠం మిణుకే. పలకకు చిన్న దీపం తగిలించి, వెలుగు, ఆగు, ఆరు, ఆగు అని నాలుగు వరుసలు రాస్తే అది కన్ను కొడుతుంది. పిల్లల మొహాలు ఆ క్షణంలో విప్పారతాయి. చెంగమ్మ మొహం విప్పారలేదు.

"దీనికింత యవ్వారమెందుకు? గోడకు స్విచ్చి ఉండాది గదా."

నా పౌరుషం కాస్త దెబ్బతింది. ముప్పై రెండు మంది పిల్లలు ఎగిరి గంతేసిన పాఠమది. అయినా ఓర్చుకుని 'ఆగు' పక్కన ఉన్న ఒకటిని తీసి అయిదు పెట్టమన్నాను. ఒక్కొక్క మీట వెతుక్కుని పెట్టింది. దీపం అయిదు క్షణాలు వెలిగి, అయిదు క్షణాలు ఆరింది. ఆమె ముందుకు వంగింది.

"ఆగమంటే ఆగుద్దా? ఎంతసేపంటే అంతసేపు?"

"ఆగుతుంది."

"మా ఇంటాయన ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ ఆగలా," అని, పది పెట్టింది. తర్వాత ఇరవై. చీకటిగా ఉన్నంతసేపూ ఆ దీపం వైపే చూస్తూ కూర్చుంది.

ఇక్కడ నేనొక మాట రాసుకోవాలి. మా ఊళ్లో తల్లి కార్డు అని ఒకటుంది. మస్తానమ్మ టీచరు ముప్పై ఒక్క సంవత్సరాల కిందట తలుపు పని మొదటిసారి రాసిన కార్డు. చెమ్మ తగలకుండా రేకు డబ్బాలో బియ్యం పోసి అందులో దాస్తాం. బడి తెరిచే రోజు దాన్ని బయటికి తీసి, పసుపు బొట్టు పెట్టి, పిల్లలందరి కార్డుల్లోకీ నకలు ఎక్కిస్తాం. తల్లి కార్డులో చెయ్యి పెట్టకూడదు. అది మా ఊరి కట్టుబాటు. ఇరవై రెండేళ్ల కిందట టీచరమ్మ మంచాన పడి డబ్బా నా చేతికిచ్చినప్పుడు నాకొచ్చింది అందులోని పంతొమ్మిది వరుసలూ బట్టీ పట్టడమే. ఆ తర్వాత నేర్పింది కూడా అదే. ఇప్పటిదాకా పరీక్షకు వెళ్లినవాళ్లందరూ పంతొమ్మిది వరుసలూ ఎక్కాల్లా అప్పజెప్పి నెగ్గారు. ఖాళీ కార్డు మీద సొంతంగా తలుపు పని నేనైనా ఎప్పుడూ రాయలేదు.

ఈ పుస్తకం పరీక్షరోజు మండలికి చూపించాలి. ఈ పేరా కొట్టేయడానికి ఇంకా ఇరవై అయిదు రోజుల గడువుంది.

పరీక్షకు 21 రోజులు. ఉప్పు 5.

మండలి ఉత్తరానికి వెనక పేజీ కూడా ఉందని ఈరోజు తెలిసింది. నా భార్య సుగుణ దాన్ని తిరగేసి పచ్చళ్ల సీసా కింద వేసింది. సీసా ఎత్తితే నాలుగు లైన్లు కనబడ్డాయి. ఈసారి రాయడంతో సరిపోదట. ప్రతి వరుసా ఎందుకుందో పరీక్షాధికారి అడుగుతారట, రాసిన మనిషే చెప్పాలట.

ఆ నాలుగు లైన్లూ సుగుణకు చదివి వినిపించాను. "ఏముంది, నువ్వు చెంగమ్మకు చెప్పు, ఆమె వాళ్లకు చెప్తుంది," అంది సుగుణ. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెకు నా మీద ఇంత నమ్మకం ఉందని నాకు తెలియదు. సమయం కాని సమయంలో తెలిసింది.

కూర్చుని పంతొమ్మిది వరుసలూ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఎందుకో రాశాను. పద్దెనిమిది రాయగలిగాను. మిగిలింది పదకొండోది.

పోటు నీళ్లు గుర్తు తాకితే కూత వెయ్యి. అది పదో వరుస. తలుపు దించు. అది పన్నెండోది. మధ్యలో పదకొండు: ఆగు 36 నిమిషాలు.

కూత వేశాక ముప్పై ఆరు నిమిషాలు ఎందుకు ఆగాలి?

పరీక్షకు 17 రోజులు. ఉప్పు 6.

టీ రుచి మారింది. తలుపు అంచున రబ్బరు పట్టీ అరిగిందేమోనని మార్చాను. తలుపు దిగాక చుక్క కారడం లేదు. దిగాక కారకపోతే ఉప్పు ఎక్కడినుంచి వస్తోందో అంతుబట్టలేదు.

చెంగమ్మ బడి గదిలో ఉక్కిరిబిక్కిరి అవుతోందని పలకనూ బ్యాటరీనీ తీసుకుని తలుపు దగ్గరికే వెళ్లాం. పోటు తగిలే వేళ. తలుపు అవతల బురద మేట మీద వేలకు వేల ఎండ్రకాయ బొక్కలు. నీళ్లు ఇంకా బారెడు దూరంలో ఉండగానే ఒక్కొక్క ఎండ్రకాయ బురద ముద్ద తీసుకుని లోపలికి దూరి బొక్క మూసేసుకుంటోంది.

"అదిగో, అది కూడా తలుపే," అంది చెంగమ్మ. "నీళ్లొస్తన్నాయని తెలియంగానే మూసేస్తాది. మనది కూత ఏసి ఆగుద్ది. ఎందుకాగాల?"

అప్పుడే నీళ్లు గుర్తు తాకాయి. తలుపు గది మీద కూత మోగింది. ఊళ్లో అన్ని ఇళ్లలో ఎసరు పెట్టే చప్పుడు వినబడింది. కూతకు ఎసరు పెట్టి, తలుపు దిగిన చప్పుడుకు అన్నం దించడం మా ఊరి లెక్క. ఇంకే ఊళ్లోనూ ఇలా వండరు.

ఆమె నా జవాబు కోసం చూస్తోంది. నాకు తెలియదని చెప్పి ఉండాల్సింది. పదేళ్ల పిల్లకైనా చెప్పేవాణ్నేమో, నాకంటే పదకొండేళ్లు పెద్దామెకు చెప్పడానికి నోరు రాలేదు. "మోటారు వేడెక్కకుండా," అన్నాను.

"మోటారు ఇంకా తిరగనేలా. వేడి యాడినించి వస్తాది?"

నీళ్లు నమిలాను. ముప్పై ఆరు నిమిషాలూ ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ సమయమంతా తెరిచిన తలుపు లోంచి నీళ్లు లోపలి కాలువలోకి నురగతో వెళ్లాయి. నేను లేచి కొలబద్ద పెట్టాను. కూతకూ తలుపు దిగడానికీ మధ్య కాలువలో మూరెడు ఎత్తు ఉప్పునీళ్లు పెరిగాయి. ఆ కాలువ పక్కనే మంచినీళ్ల దొరువు.

ముప్పై ఏళ్ల కిందట పోటు మెల్లగా వచ్చేది. ఆ ముప్పై ఆరు నిమిషాల్లో బెత్తెడు నీళ్లు వచ్చేవేమో. సముద్రం పెరిగింది, మేం మాత్రం నకలు ఎక్కిస్తూ వచ్చాం.

పరీక్షకు 14 రోజులు. ఉప్పు 6.

ఊరంతా అడిగాను. ఎందుకు ఆగుతుందంటే అందరిదీ ఒకటే మాట, అన్నం ఉడకడానికి. అంటే మస్తానమ్మ టీచరు ఊరి తిండి కోసం సముద్రాన్ని ఆపిందన్నమాట. అన్నం తలుపును చూసి ఉడుకుతోంది గానీ తలుపు అన్నాన్ని చూసి ఆగడం లేదని ఎవరికీ తట్టలేదు. నాకూ ఇన్నేళ్లు తట్టలేదు కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు.

ఎందుకో ఒకప్పుడు తల్లి కార్డులోనే ఉండేది. పలకకు రాసేటప్పుడు వరుస ముందు చుక్క పెడితే దాన్ని పలక చదవదు, వదిలేసి కిందికి పోతుంది. అవి మనిషి మనిషికి రాసుకునే వరుసలు. మస్తానమ్మ టీచరు కార్డు నిండా అలాంటి చుక్క వరుసలు ఉండేవట. కార్డులు కరువైన ఏడాది, చోటు మిగులుతుందని, ఏ పనీ చేయని వరుసలన్నీ తీసేశారు. చెయ్యి పెట్టకూడదన్న కట్టుబాటు ఆ తర్వాత వచ్చింది. అలా తీసేసిన కార్డుకే మేం ఏటేటా పసుపు పెడుతున్నాం. తీసేసిన సంవత్సరం పాత దినచర్యలో దొరికింది. రాసిన చెయ్యి నాదే. ఆ వరుసల్లో ఏముందో చదవకుండానే తీసేసి, ఆ సంగతే మరిచిపోయాను.

తల కొట్టేసినట్టయింది.

పరీక్షకు 11 రోజులు. ఉప్పు 7.

ఈరోజు చెంగమ్మతో నిజం చెప్పేశాను. పదకొండో వరుస నాకు తెలియదని, ఉప్పుకు కారణం అదేనని, ఆ చుక్క వరుసలు తీసేసింది కూడా నేనేనని. చెప్పాక నాకు తేలిగ్గా అనిపించింది. తిడుతుందనుకున్నాను.

"ఎంత ఆగాలని రాసుండాది?" అని మళ్లీ అడిగింది.

"ముప్పై ఆరు నిమిషాలు."

"ముప్పై కాదు, నలభై కాదు, ముప్పై ఆరా?" ఆమె తుంగపోచను వేలికి చుట్టుకుంటూ బురద మేట వైపు చూసింది. "మస్తానమ్మ టీచరు అంటే సన్నంగా, గొడుగేసుకుని తిరిగేదీ?"

"ఆమే."

"ఆమె మా యమ్మని నడిపించింది."

నాకు అర్థం కాలేదు. చెంగమ్మ చెప్పింది ఇలా ఉంది. ఆ రోజుల్లో కట్ట మీద వంతెన లేదు, అంతవరకు నాకూ గుర్తే. బురద మేట మీదికి ఎండ్రకాయలకు వెళ్లినవాళ్లు తిరిగి రావాలంటే తలుపు కిందినుంచే నడిచి రావాలి. తలుపు దిగితే పోటులో అవతలే చిక్కుకుపోతారు. కూత విని అందరూ పరుగున పావుగంటలో వచ్చేసేవాళ్లు. చెంగమ్మ తల్లి ఈరమ్మకు ఎడమ కాలు వంకర. ఆమె ఒక్కతే వెనకబడేది, అది నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"తలుపు పెట్టిన కొత్తల్లో టీచరమ్మ వచ్చి, ఈరమ్మా, ఆ మేట ముక్కు కాడినించి ఇక్కడిదాకా నడువు, అనింది. మా యమ్మ నడిచింది. మళ్లా నడువు అనింది. మూడు మాట్లు నడిపించింది. చేతిలో గడియారం. నాకు వొళ్లు మండిపోయింది. కుంటిదాన్ని ఇట్టా నడిపిస్తాందేంది, తమాషాగా ఉండాదా అని నేను పోట్లాటకు పోయినా. ఆమె నాకు బదులు చెప్పలా, పుస్తకంలో ఏందో రాసుకోని ఎళ్లిపోయింది. ఆమె చచ్చిందాకా నేను ఆమెతో మాట్లాడలా."

ఇది చెప్పి వేలికి చుట్టిన తుంగపోచ విప్పింది.

పరీక్షకు 8 రోజులు. ఉప్పు 7.

ముప్పై ఆరు ఈరమ్మ నడక కొలతే అన్నది ఊహ మాత్రమేనని, పరీక్షాధికారి ముందు ఊహ నిలవదని నేనే అన్నాను. "అయితే కొలువు," అంది చెంగమ్మ.

నీళ్లు వెనక్కి పోయిన వేళ ఆమె బురద మేట చివరి కొస, ఆ ముక్కు దాకా వెళ్లి నిలబడింది. నేను తలుపు దగ్గర పలకతో కూర్చున్నాను. తను చెయ్యి ఊపగానే నేను మీట నొక్కితే లెక్క మొదలుపెట్టమని పలకకు రాసి పెట్టింది ఆమే. ఏడు వరుసలు, నకలు కాదు, సొంతంగా.

ఆమె నడక మొదలుపెట్టింది. ఎడమ కాలు ఈడుస్తూ, ఒక భుజం కిందికి వంచి, నాలుగు అడుగులకోసారి నిలబడి ఊపిరి తీసుకుంటూ. తల్లి ఎలా నడిచేదో అలా. అంత దూరంనుంచి చూస్తే వస్తున్నది చెంగమ్మ కాదనిపించింది. కట్ట మీద వెళుతున్న ఇద్దరు ముసలివాళ్లు ఆగి చూశారు, వాళ్లలో ఒకాయన తలగుడ్డ తీశాడు.

తలుపు గడప మీద కాలు పెట్టి ఆమె అడిగింది. "ఎంత?"

"ముప్పై అయిదు నిమిషాల యాభై క్షణాలు."

ఆమె అక్కడే, తలుపు కింద తడి రాయి మీద కూర్చుండిపోయి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి. పది క్షణాలు ఎక్కువే వేసింది మస్తానమ్మ టీచరు. ఊరంతటి పోటునీ ఒక కుంటి మనిషి కోసం ఆపి పెట్టి, ఆ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. చెప్పింది పలకకే. అది కూడా నేను చెరిపేశాను.

పరీక్షకు 5 రోజులు. ఉప్పు 7.

మిగిలిన పని సులువు అనుకున్నాను. వంతెన వేసి పద్దెనిమిదేళ్లయింది, తలుపు కింద ఎవరూ నడవడం లేదు, ఈరమ్మ వంతెన వేసిన ఏడాదే పోయింది. పదకొండో వరుస తీసేస్తే చాలు. రొయ్య పిల్ల పోటు మొదట్లోనే వచ్చేస్తుంది కాబట్టి దానికీ నష్టం లేదు. ఆ మాటే చెంగమ్మతో అన్నాను.

"తియ్యను," అంది.

"దొరువు పోతుందక్కా."

"మా యమ్మకు ఈ ఊళ్లో ఇంటి స్థలం లేదు. సమాధి మొన్న తుపానులో కొట్టుకుపాయె. ఆమె కోసమని ఊరు ఒక్క పని చేస్తాంది, అదీ ఆమెదని తెలిసి వారం కాలేదు. తీసెయ్యమంటావా అయ్యోరా?"

పరీక్ష రాసేది ఆమె, ఏం రాయాలో ఆమె ఇష్టం. ఆ వరుస ఉంచితే ఎందుకుందో చెప్పగలదు, కానీ ఇప్పుడు ఎందుకు ఉండాలంటే చెప్పలేదు. అధికారి అదే అడుగుతారు. తాళం పోతుంది. లేదా తాళం మిగిలి దొరువు పోతుంది. ఊరికి రెండూ ఒకటే.

ఇంటికొచ్చి సుగుణకు చెప్పాను. ఆమె బిందెలో నీళ్లు రుచి చూసి, పారబోయకుండా మూత పెట్టింది.

పరీక్షకు 2 రోజులు. ఉప్పు 7.

చెంగమ్మ మూడు రోజులుగా బడికి రాలేదు. ఈరోజు వచ్చింది. చుక్క పెడితే పలక చదవదని చెప్పావే, అది మళ్లీ చూపించమంది. చూపించాను. "ఎంత పొడుగైనా రాసుకోవచ్చా?" అని అడిగింది. రాసుకోవచ్చన్నాను. తన దగ్గర పెన్సిలు ముక్క ఉంది. చీర కొంగుకు కట్టుకుని తెచ్చుకుంది. కాగితం మీద ఏదో రాసుకుని, నాకు చూపించకుండా మడిచి తీసుకుపోయింది.

పరీక్ష రోజు. ఉప్పు 7.

అధికారి పేరు హైమావతి. నలభై ఏళ్లు ఉంటాయి. పడవ దిగగానే దినచర్య పుస్తకం అడిగారు. ఇరవై అయిదు రోజుల ముందు రాసిన ఆ పేరా కొట్టేయలేదు. కొట్టేయాలని పొద్దున దాకా అనుకున్నాను. ఆవిడ తలుపు గదిలో కూర్చుని మొత్తం చదివారు. చదివి, నా వైపు ఒకసారి చూసి, మూసి పక్కన పెట్టారు.

చెంగమ్మ ఖాళీ కార్డు పెట్టింది. ఒంటి వేలితో ఒక్కొక్క అక్షరం వెతుకుతూ రాసింది. రెండు గంటలు పట్టింది. కిటికీ దగ్గర ఊరంతా నిలబడింది. తర్వాత హైమావతి తెర మీద ఒక్కొక్క వరుసనూ చూపిస్తూ, ఇది ఎందుకని అడిగారు. చెంగమ్మ చెప్పింది. కొన్నింటికి నేను చెప్పినట్టు, ఎక్కువవాటికి ఎండ్రకాయలు చేసేదానితో పోల్చి. కూత దగ్గరికి వచ్చారు.

"కూత ఎందుకమ్మా?"

"నీళ్లొస్తన్నాయని అందరికీ తెలియాల గదా. వంతెనెక్కి వచ్చేదానికి."

"దీని కింద వరుస?"

నేను ముందుకు వంగి చూశాను. పదకొండో వరుస ముందు చుక్క ఉంది. అధికారి దాన్ని మెల్లగా పైకి చదివారు.

*"ఇక్కడ ఈరమ్మ కోసం ముప్పై ఆరు నిమిషాలు ఆగేటోళ్లం. ఆగమని రాసింది మస్తానమ్మ టీచరు. ఈరమ్మ ఇల్లు చేరింది. ఇంక ఆగే పన్లేదు."*

"ఇది చుక్క వరుస కదా," అన్నారు హైమావతి. "పలక దీన్ని చదవదు. ఏ పనీ చేయదు. ఎందుకు రాశారు?"

"పలక కోసం రాయలేదు తల్లీ," అంది చెంగమ్మ. "నా తర్వాత వచ్చేవోళ్లు ఎందుకని అడుగుతారే, వాళ్లకి."

అధికారి ఆ వరుసను ఇంకోసారి చదువుకున్నారు. తర్వాత కింది వరుసకు వెళ్లారు. తలుపు దించు.

మధ్యాహ్నం పోటుకు కొత్త కార్డు గోడ మీది పలకలో పెట్టాం. నీళ్లు గుర్తు తాకాయి, కూత మోగింది, కూతతో పాటే తలుపు దిగింది. ఎప్పుడూ వినని విధంగా రెండు చప్పుళ్లూ ఒకేసారి వినబడ్డాయి. చెంగమ్మ అలవాటు కొద్దీ బురద మేట వైపు తిరిగి చూసింది. చూస్తుందని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అటే చూశాను.

వెళ్లేముందు హైమావతి తాళం చెంగమ్మ చేతిలో పెట్టి, ఈ పుస్తకంలో ఒక లైను రాశారు. అది నన్ను ఉద్దేశించి. 'ఇకమీదట ఈ ఊళ్లో నకలు ఎక్కించరాదు.' కింద సంతకం.

పరీక్ష తర్వాత 9 రోజులు. ఉప్పు 6.

తొమ్మిది రోజులుగా ఊళ్లో అన్నం సరిగ్గా ఉడకడం లేదు. కూతా చప్పుడూ ఒకేసారి వస్తే ఎప్పుడు దించాలో ఎవరికీ తెలియడం లేదు. సుగుణ రెండు రోజులు పలుకు అన్నం పెట్టింది, మూడో రోజు మాడబెట్టి, నాలుగో రోజు నా పలకల్లో ఒకటి పట్టుకుపోయింది. ఎలా రాయాలని అడిగితే చెప్పబోయాను. "నువ్వు చెప్పొద్దు, చెంగమ్మని అడుగుతా," అంది.

పిల్లల కార్డులు ముప్పై రెండూ తుడిచేశాను. బడిలో ఇప్పుడు అన్నీ ఖాళీవే. తల్లి కార్డు రేకు డబ్బాలోనే ఉంది, బియ్యం మాత్రం మార్చాను. చెంగమ్మ రోజూ ఎండ విరామం ముందు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటోంది. తను రాస్తున్న కొత్త పని ఏమిటో చెప్పడం లేదు.

ఈరోజు చెప్పింది. వంటింటికి ఒక పలక. తలుపు కూతకు ఆ పలక కూడా కూత వేసి, కాసేపు ఆగి, అన్నం దించమని దీపం వెలిగిస్తుంది. ప్రతి ఇంటికీ ఒకటి చెంగమ్మే రాసి ఇస్తుందట.

"ఎంతసేపు ఆగాలని పెట్టావక్కా?" అన్నాను.

"నీకు తెలవదా అయ్యోరా," అంది. తెర మీద 'ఆగు' వరుస పైన చుక్క పెట్టి తల్లి ఈరమ్మ పేరు రాసి ఉంది.